కూపన్ కంటే ముందు సామాన్ల చిట్టీ

(మండల మహిళా సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో ఒక సంఘం లీడర్ చేసిన ప్రసంగం)



ఈసారి నన్ను ఇంటి ఖర్చు గురించి, అందులోనూ కూపన్లు, ఆఫర్ల గురించి మాట్లాడమన్నరు. మన మీటింగుల్లో లోన్ గురించి, కిస్తీ గురించి, బ్యాంకు గురించి గంటలు గంటలు మాట్లాడుకుంటం. కిరాణం గురించి మాత్రం ఎవ్వరం మాట్లాడం. అది ఎవరింటి ముచ్చట వాళ్లది అనుకుంటం. కానీ ఒక్కసారి ఆలోచించండి. కిస్తీ తప్పేది బ్యాంకులో కాదు. దుకాణం కౌంటర్ కాడ తప్పుతది. అక్కడ 200 ఎక్కువైతే ఇక్కడ 200 తక్కువైతది. అందుకే ఇది సంఘం ముచ్చటే.

కూపన్ అనే మాట మనకు కొత్తది కాదు. రేషన్ బియ్యానికి, కిరోసిన్‌కు కూపన్లు ఇచ్చిన రోజులు మన పెద్దవాళ్లకు యాదికుంటయి. ఆ కూపన్ ఉంటే సరుకు వచ్చేది, లేకుంటే లేదు. అది మన హక్కు. ఇప్పుడు దుకాణాలోళ్లు ఇచ్చే కూపన్ అట్లాంటిది కాదు. అది వాళ్ల సరుకు అమ్ముడుపోవడానికి పెట్టుకున్నది. అందులో తప్పేం లేదు, వ్యాపారం వాళ్లది. పైసలు మాత్రం మనవి. అందుకే లెక్క మనం చూసుకోవాలి.

ఒక లెక్క చెప్త. 1,500 రూపాయల సామాను కొంటే 150 తగ్గింపు అని కూపన్ ఇచ్చిన్రు అనుకుందాం. మన ఇంటికి కావలసింది 1,100 రూపాయల సామానే. కూపన్ పోతదని ఇంకో 400 పెట్టి బిస్కెట్లు, ఒక ప్లాస్టిక్ డబ్బా, ఒక సెంటు సీసా తీసుకున్నం. 1,500 అయింది, 150 తగ్గింది, 1,350 కట్టినం. ఇంటికొచ్చి 150 మిగిలింది అంటం. మిగిలిందా? ఇంటి నుంచి 1,100 పోవలసిన కాడ 1,350 పోయినయి. 250 ఎక్కువ పోయినయి. అదే మన సామాను ఎట్లైనా 1,500 అయ్యేది ఉంటే, అప్పుడు ఆ 150 నిజంగ మిగిలినట్టే. కూపన్ అదే, దుకాణం అదే. తేడా ఎక్కడుంది? ఇంటికాడ చిట్టీ రాసుకున్నమా లేదా అన్న దాంట్ల ఉంది.

అందుకే మొదటి మాట ఇది. దుకాణం పోకముందే చిట్టీ రాయాలి. పప్పు ఎంత, నూనె ఎంత, సబ్బులెన్ని, అన్నీ రాసుకోవాలి. డబ్బాలు మూతలు తీసి చూసి మరీ రాయాలి. చిట్టీలో ఉన్న సరుకు మీద కూపన్ ఉంటే వాడుదాం. లేని సరుకు మీద ఉంటే ఆ కాయితం పిల్లలకు ఆడుకోనిద్దాం.

రెండో మాట. దుకాణం కూపన్ల కంటే ముందు మన హక్కుగా వచ్చేటివి సరిగ్గ తీసుకుంటున్నమా చూసుకోవాలి. 2025 ఏప్రిల్ నుంచి మన రాష్ట్రంలో రేషన్ కార్డు మీద మనిషికి 6 కిలోల సన్న బియ్యం ఉచితంగ ఇస్తున్నరు. నలుగురున్న ఇంటికి 24 కిలోలు. బయట కిలో 45 రూపాయలకు కొన్నా నెలకు 1,080 అయితది. ఇంత పెద్ద కూపన్ ఏ దుకాణంలో ఇస్తరు చెప్పండి? దాన్ని తక్కువ ధరకు అమ్ముకొని మళ్ల బయట బియ్యం కొంటే రెండు దిక్కులా నష్టమే. గ్యాస్ బండకు 500 పథకంలో ఉన్నోళ్లు ముందు పూర్తి ధర కడతరు, మిగతాది బ్యాంకు ఖాతాలో పడుతది. పడిందా లేదా పాస్ బుక్కులో చూసుకోవాలి. గృహజ్యోతిలో 200 యూనిట్ల లోపు ఉంటేనే జీరో బిల్లు. 200 దాటితే మొత్తం బిల్లు మనమే కట్టాలి. అంటే నెలాఖరులో ఊకనే తిరిగే ఫ్యాను, వెలిగే బల్బు ఎంత ఖరీదో చూడండి. మీటర్ వంక ఒకసారి చూసుడు కూడా పొదుపే.

మూడో మాట, ప్యాకెట్ చదువుడు. ప్యాకెట్ మీద ఎమ్మార్పీ ఉంటది. అన్ని పన్నులు కలిపి అంతకన్నా ఎక్కువ తీసుకోవద్దు అని దాని అర్థం. అంత ధరకే అమ్మాలని కాదు. తక్కువకు అమ్మొచ్చు. అందుకే ఎమ్మార్పీ మీద 20 రూపాయలు తగ్గింపు అంటే సంబురపడకుండా, మన ఊరి దుకాణంలో అదే ఎంతకిస్తున్నరో కనుక్కోవాలి. ఫ్రిజ్జులో పెట్టినం అని చెప్పి ఎమ్మార్పీ కంటే ఎక్కువ అడిగితే ఇవ్వనవసరం లేదు. బిల్లు తీసుకొని వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చెయ్యొచ్చు.

ఇప్పుడు చాలా ప్యాకెట్ల మీద ఎమ్మార్పీ పక్కనే గ్రాముకు ఎంత, మిల్లీలీటరుకు ఎంత అని కూడా ముద్రిస్తున్నరు. కిలో దాటిన ప్యాకెట్ల మీద కిలోకు ఎంతనో ఉంటది. అక్షరాలు చిన్నగ ఉంటయి, మన కళ్లకు ఆనకపోతే బడికి పోయే పిల్లతో చదివించండి. పెద్ద ప్యాకెట్ ఎప్పుడూ చవక అనుకుంటం. అన్నిట్ల కాదు. ఒక రూపాయి షాంపూ ప్యాకెట్‌లో 5 మిల్లీలీటర్లు ఉంటే 100 రూపాయలకు 500 మిల్లీలీటర్లు వస్తది. అదే 100 రూపాయల సీసాలో 120 మిల్లీలీటర్లే ఉంటే ఏది చవక? పప్పు, ఉప్పు, బట్టల సబ్బు లాంటివాట్లల్ల పెద్దది చవక కావచ్చు. అందుకే లెక్క చెయ్యాలి, అనుకోవద్దు. ఇంకోటి, ఐదు రూపాయల బిస్కెట్ ప్యాకెట్ ఎన్నేండ్లైనా ఐదు రూపాయలే ఉంటది, లోపల బరువే తగ్గుతది. ఒకటి కొంటే ఒకటి ఫ్రీ అన్న కాడ తేదీ చూడాలి. వారంలో గడువు తీరేది రెండు డబ్బాలు తెచ్చి ఒకటి పారేస్తే ఫ్రీ ఎక్కడిది?

2025 సెప్టెంబర్ 22 నుంచి స్నానం సబ్బులు, షాంపూ, టూత్ పేస్టు, తలనూనె, బిస్కెట్ల మీద జీఎస్టీ 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. పోయిన ఏడాది ఇంత పెట్టి కొన్నమని అలవాటుగ కట్టకుండా, ప్యాకెట్ మీద ధర చూసి కట్టండి.

నాలుగో మాట ఉద్దెర. మనకు పత్తి పైసలు, వడ్ల పైసలు ఒక్కసారి వస్తయి, కడుపు మాత్రం రోజూ ఉంటది. అందుకని ఉద్దెర తప్పుతలేదు. మన ఊరి దుకాణపాయన కష్టకాలంలో ఇచ్చి ఆదుకుంటడు, ఆ మర్యాద మరువొద్దు. కానీ ఉద్దెర ఖాతాలో కూపన్ చెల్లదు, బేరం చెయ్యడానికి నోరు లేవదు. వంద రూపాయల సామానుకు 105 రాసి నెలకు కట్టుమంటే, అది నెలకు ఐదు రూపాయల వడ్డీ. మా సంఘంలో అంతర్గత అప్పు రూపాయి వడ్డీకే ఇస్తం. సీజన్ ముందు సంఘంలో 3,000 అప్పు తీసుకొని నగదుకు సామాను తెచ్చుకుంటే, నెలకు వడ్డీ 30. అదే 3,000 సామాను ఉద్దెర తెస్తే 150 ఎక్కువ. ఆ వడ్డీ 30 కూడా మన సంఘం పెట్టెలోనే పడుతది.

ఐదో మాట కలిసి కొనుడు. ఇది కూడా మనకు కొత్త కాదు. ఉమ్మడి రాష్ట్రంలో వెలుగు పథకం నడిచినప్పుడు గ్రామ సంఘాలు బియ్యం టోకున కొని సభ్యులకు అప్పుగ ఇచ్చి, వాయిదాల మీద వసూలు చేసినయి. ఆనాడు చదువు రాని తల్లులే తూకం చూసిన్రు, ధర మాట్లాడిన్రు. మనం ఎందుకు చెయ్యలేం?

లెక్క చూద్దాం. పది మంది సభ్యులు. మనిషికి 2 కిలోల కందిపప్పు, 20 కిలోలు. టోకున కిలోకు 10 తగ్గితే 200. మనిషికి 4 లీటర్ల నూనె, 40 లీటర్లు. లీటరుకు 6 తగ్గితే 240. మనిషికి 4 సబ్బులు, 40 సబ్బులు. సబ్బుకు 2 తగ్గితే 80. మొత్తం 520. ఆటో కిరాయి 200 తీసేస్తే 320. మనిషికి నెలకు 32 రూపాయలు. గింతేనా అని నవ్వకండి. ఏడాదికి మనిషికి 384, సంఘానికి 3,840. ఈ లెక్కలో ధరలు మీ కాడ వేరే ఉండొచ్చు, లెక్క చేసే తీరు ఇదే. ముగ్గురే కలిస్తే ఆటో కిరాయికే సరిపోతది, అప్పుడు పోవద్దు. పోయేముందు అందరి పైసలు జమ కావాలి, ఇద్దరు కలిసి పోవాలి, బిల్లు మీటింగులో చదివి వినిపించాలి. బిల్లు లేని బేరంతోని సంఘంలో మాటలొస్తయి.

ఇగ చివరి ముచ్చట, లక్కీ డ్రా కూపన్లు. ఇది కొంచెం బరువైన ముచ్చట. ఒక సంఘంలో ఒక చెల్లె ఉంది. ఊరు, పేరు చెప్పను. పేరు చెప్పకుండా నా ముచ్చట నలుగురికీ చెప్పు అక్కా అని ఆమెనే అన్నది. ఒకాయన రంగుల పుస్తకం పట్టుకొని వచ్చిండు. నెలకు 1,000 చొప్పున 15 నెలలు కట్టాలె, నెలనెలా డ్రా తీస్తం, తగిలితే ఫ్రిజ్జో బండో ఇచ్చి మిగతా నెలలు మాఫీ, తగలకుంటే ఆఖరుకు సామాను ఇస్తం అన్నడు. ఏడు నెలలు కట్టింది, 7,000. ఎనిమిదో నెల ఆయన ఫోన్ పనిచెయ్యలేదు. అప్పటికే ఆమె సంఘం కిస్తీ రెండు నెలలు ఆగింది.

ఒకరి కిస్తీ ఆగితే ఒకరి ముచ్చట కాదు. బ్యాంకు లోన్ సంఘం పేరు మీద ఉంటది. టైముకు కట్టిన సంఘాలకే వడ్డీ లేని రుణం వర్తిస్తది. ఆమె రెండు వేల కాడ పది మంది వడ్డీ పోయేటట్టు అయింది. మీటింగులో ఆమెను తీసేద్దాం అన్నోళ్లు ఉన్నరు. అప్పుడు ఒక పెద్దమ్మ లేచి, "తీసేస్తే ఆమె ఎక్కడికి పోతది? ఐదు రూపాయల వడ్డీకే పోతది. మనం సంఘం పెట్టుకున్నది ఎందుకు మరి?" అన్నది. పొదుపులోంచి రెండు కిస్తీలు కట్టిన్రు. ఆ చెల్లె పత్తి ఏరిన కూలీతోని కొంచెం కొంచెం తీర్చింది. సంఘం నిలబడ్డది. ఆ 7,000 మాత్రం రాలేదు.

అక్కలారా, ఇట్ల నెలనెలా పైసలు వసూలు చేసి డ్రా తీసి బహుమతులిచ్చే స్కీములను 1978లోనే కేంద్ర చట్టం నిషేధించింది. రిజిస్టర్ అయిన చిట్ ఫండ్ వేరు, ఇది వేరు. ఎవరన్న పుస్తకం పట్టుకొని వస్తే ముందు గ్రామ సంఘంలో చెప్పండి. అట్లనే పోస్టులో స్క్రాచ్ కార్డు వచ్చిందని, గీకితే కారు వచ్చిందని, ముందు పన్ను పైసలు కట్టుమని ఫోన్ చేస్తరు. బహుమతి ఇచ్చేటోడు ముందుగ మన దగ్గర పైసలు అడిగిండంటే అది మోసం. ఫోనులో ఓటీపీ ఎవ్వరికీ చెప్పొద్దు. పైసలు పోతే సిగ్గుపడి దాచుకోవద్దు, వెంటనే 1930కి ఫోన్ చెయ్యాలి. ఎంత తొందరగ చేస్తే పైసలు ఆపే వీలు అంత ఎక్కువ.

ఇప్పుడు అసలు మాట. చిట్టీ రాసి, ధర చూసి, కలిసి కొని నెలకు ఒక 100 మిగిల్చినం అనుకుందాం. ఆ వంద కొంగుముడిలోనే ఉంటే సాయంత్రానికి ఎటు పోయిందో తెల్వదు. మిగిలిన పైస పొదుపు పుస్తకంలో ఎక్కితేనే మిగిలినట్టు. అందుకని మా సంఘం ఒక తీర్మానం రాసుకున్నది. నెల మొదటి మీటింగుకు ప్రతి సభ్యురాలు కిరాణం చిట్టీ, బిల్లు తేవాలి. చిట్టీలో లేకుండా కొన్నది ఏందో తనే చెప్పాలి. ఎవ్వరూ ఎవ్వర్నీ ఎక్కిరించొద్దు. మిగిలింది 20 అయినా 50 అయినా మామూలు పొదుపుకు తోడుగ వేరే గడిలో రాయాలి. ఏడాది తిరిగినంక ఆ గడి కూడితే కూపన్లు మనకేం ఇచ్చినయో, చిట్టీ మనకేం ఇచ్చిందో అందరికీ కనపడుతది.

మీ సంఘాల్లో కూడా వచ్చే మీటింగులో ఈ తీర్మానం మీద మాట్లాడుకోండి. మీకు ఇంతకన్నా మంచి తీరు తోస్తే మాకు చెప్పండి, మేము నేర్చుకుంటం.