ఛాయాచిత్రాల విక్రయం: మన యువతకు ఒక చిన్న హలాల్ దారి

(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



కెమెరాతో సంపాదన అనే విషయం మీద నాలుగు మాటలు చెప్పవలసిందిగా సంఘం పెద్దలు మమ్ములను ఆదేశించినారు. 2022 ఏప్రిల్‌లో చిత్తూరు జిల్లా విడిపోయి తిరుపతి వేరు జిల్లా అయినప్పటికీ మన కష్టసుఖాలు మాత్రం విడిపోలేదు. ఈ ప్రాంతపు పట్టణాలలో ఫోటో స్టూడియో మీదనే సంసారం ఈదిన కుటుంబాలు మన సభ్యులలో కూడా ఉన్నవి. పాస్‌పోర్టు ఫోటోకు, బడి దరఖాస్తు ఫోటోకు జనం వరుస కట్టిన కాలం పోయింది. ఇప్పుడు ప్రతి జేబులోనూ ఒక కెమెరా ఉంది. పెళ్లిళ్ల నెలల్లో చేతినిండా పని, మిగిలిన నెలల్లో అంగడి తెరిచి కూర్చోవడం, ఇదీ పరిస్థితి. ఆ ఖాళీ నెలల్లో అదే కెమెరా, అదే చేతి నేర్పు నాలుగు రూపాయలు తేగలదా అన్నదే ఈనాటి ప్రశ్న. తేగలదు. అయితే ఎంత తెస్తుంది, ఏ షరతుల మీద తెస్తుంది అన్నది ముందే తెలుసుకొని దిగవలెనని మా మనవి.

స్టాక్ ఫోటో ఏజెన్సీ అంటే ఏమిటి? మన మండీని తలచుకోండి. రైతు టమోటా గంపలు తెచ్చి మండీలో దించుతాడు. మండీవాడు కొనేవాణ్ణి చూపి, తన కమీషన్ పట్టుకొని, మిగతాది రైతుకిస్తాడు. ఈ ఏజెన్సీ కూడా అంతే. మనం తీసిన ఫోటోలను ఇంటర్నెట్టు ద్వారా వారికి పంపుతాము. పత్రికలవారు, ప్రకటనలవారు, పుస్తకాలు వేసేవారు వెతుక్కొని డబ్బు చెల్లించి వాడుకొంటారు. అయితే ఒక్క తేడా ఉంది. టమోటా గంప ఒక్కసారే అమ్ముడుపోతుంది. ఇక్కడ మనం అమ్మేది ఫోటోను కాదు, దానిని వాడుకొనే అనుమతిని. కాబట్టి ఒకే ఫోటో నూరుసార్లైనా అమ్ముడుపోవచ్చును, ఒక్కసారీ పోకుండా ఉండిపోనూవచ్చును.

ఇది మన దేశానికి పూర్తిగా కొత్త వ్యాపారం కాదు. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకులైన రాజా దీన్ దయాళ్ గారు దేశంలోని కోటలు, మసీదులు, దేవాలయాల దృశ్యాలు తీసి వాటి ప్రతులను అడిగినవారికి అమ్మేవారు. నిజాం ప్రభువు ఆయనకు ముసవ్విర్ జంగ్ అనే బిరుదునిచ్చినారు. ఒకసారి తీసిన దృశ్యాన్ని పలుమార్లు అమ్ముకొనే ఆ పద్ధతే నేడు ప్రపంచమంతా వ్యాపించింది. గెట్టీ ఇమేజెస్ 1995లో, ఐస్టాక్‌ఫోటో 2000లో, షట్టర్‌స్టాక్ 2003లో మొదలైనవి. అడోబ్ కంపెనీ ఫోటోలియా అనే సంస్థను కొని 2015లో అడోబ్ స్టాక్ తెరిచింది. ఇదివరలో పేరుమోసిన ఫోటోగ్రాఫర్లకే ఏజెన్సీల తలుపులు తెరుచుకొనేవి. ఐస్టాక్, షట్టర్‌స్టాక్ వంటివి వచ్చిన తరువాత పుంగనూరులోని కుర్రవాడు, న్యూయార్కులోని నిపుణుడు ఒకే వరుసలో నిలబడగలుగుతున్నారు. పద్దెనిమిదేళ్లు నిండి ఉంటే చాలు.

ఇక డబ్బు సంగతి. దీనిని దాచకుండా చెప్పుకోవలెను. అడోబ్ స్టాక్ వారు ఫోటో అమ్మకంలో 33 శాతం మనకిస్తారు. 25 డాలర్లు జమ అయిన తరువాతనే డబ్బు చేతికిస్తారు. షట్టర్‌స్టాక్ వారు 2020 జూన్ నుండి 15 శాతంతో మొదలుపెట్టి, అమ్మకాలు పెరిగినకొద్దీ 40 శాతం దాకా ఇచ్చే మెట్ల పద్ధతి పెట్టినారు. ఏటా జనవరి ఒకటవ తేదీకి అందరూ మళ్లీ కింది మెట్టుకు దిగవలసిందే. ఒక్కొక్క అమ్మకానికి 10 సెంట్లు, అంటే మన లెక్కలో తొమ్మిది రూపాయలకు అటూ ఇటూ, వచ్చే సందర్భాలు ఎన్నో ఉంటాయి. ఆ లెక్కన 100 డాలర్లు రావాలంటే వెయ్యి అమ్మకాలు జరగవలెను. కనుక యాభై ఫోటోలు పంపి జీతం వస్తుందనుకొంటే నిరాశే మిగులుతుంది. ఇది మామిడి తోట వంటిది. మొక్క నాటిన ఏడాదే కాపు రాదు. ఉన్న పని మానుకొని దీని మీదనే ఆధారపడవద్దని, దీని కోసం వడ్డీకి అప్పు తెచ్చి పెద్ద కెమెరా కొనవద్దని మేము గట్టిగా చెబుతున్నాము. 4 మెగాపిక్సెళ్లు ఉన్న స్పష్టమైన ఫోటో చాలునని ఈ రెండు సంస్థలూ అంటున్నవి. నేటి మంచి సెల్‌ఫోనుకు అదేమంత కష్టం కాదు.

ఏమి తీయాలి? సూర్యాస్తమయాలు, గులాబీ పూలు, పిల్లికూనలు ఆ ఏజెన్సీల దగ్గర లక్షల కొద్దీ ఉన్నవి. మన దగ్గర ఉండి వారి దగ్గర తక్కువగా ఉన్నది మన బతుకు. తోతాపురి కాయలు దింపే ట్రాక్టర్లు, గుజ్జు ఫ్యాక్టరీ ముందు నిలిచిన వరుసలు, మదనపల్లె టమోటా మార్కెట్టు, పొంగుతున్న బెల్లం పెనం, శెనక్కాయలు ఒలిచే చేతులు, శ్రీకాళహస్తిలో కలంకారీ కలం పట్టిన వేళ్లు, విల్లు మీటి దూది ఏకే దూదేకుల సోదరుని పనితనం, రంజాన్ ఇఫ్తార్‌కు పరిచిన దస్తర్‌ఖాన్, ఈద్ రోజున గిన్నెలో షీర్ ఖుర్మా. ఇవి మనకు రోజూ కనబడే వస్తువులే. దూరదేశంలో పాఠ్యపుస్తకం తయారుచేసేవానికి మాత్రం వెతికినా దొరకవు.

ఛాయాచిత్రం విషయంలో ఉలమాలలో అభిప్రాయభేదాలున్న సంగతి మనకు తెలిసినదే. ఆ చర్చలోకి దిగే అర్హత మాకు లేదు. ఎవరికి సంకోచమున్నదో వారు తాము నమ్మే ఆలిమ్ గారిని అడిగి నడుచుకోవలెను. మేము చెప్పగలిగినది ఒక్కటే. ఈ పనిలో ముఖం తప్పనిసరి కాదు. పంట, వంట, పనిముట్టు, బట్ట, రాతిగోడ, కొండ, వాన, ఇవన్నీ అమ్ముడుపోయేవే. పరదా పాటించే మన అక్కచెల్లెళ్లకు కూడా ఇది అడ్డు కాదు. వంటగదిలో కిటికీ వెలుతురు దగ్గర బగారా అన్నం పళ్లెం పెట్టి తీయవచ్చును. దీన్ దయాళ్ గారు 1892లోనే హైదరాబాదులో స్త్రీల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచి, దానిని ఒక స్త్రీ చేతిలోనే పెట్టినారు. నూటముప్పై ఏళ్ల కిందట వీలైనది నేడు వీలు కాకపోదు.

ఇప్పుడు మేము అన్నిటికన్నా ముఖ్యమనుకొనే మాట. ఎదుటివాని ముఖం మన దగ్గర అమానత్. మండీలో కూర్చున్న ముసలమ్మ ఫోటో బాగా వచ్చిందని పంపేస్తాము. కొన్నవాడు దానిని అప్పుల కంపెనీ ప్రకటనలో వేయవచ్చును, జబ్బు మందు డబ్బా మీద వేయవచ్చును. ఎక్కడ వేస్తాడో మన చేతిలో ఉండదు. అందుకే ప్రకటనలకు పనికివచ్చే ఫోటోలో మనిషిని గుర్తుపట్టగలిగితే, ఆ మనిషి సంతకం చేసిన అనుమతి పత్రం ఉండవలెనని ఏజెన్సీలు నియమం పెట్టినవి. దీనిని మోడల్ రిలీజ్ అంటారు. సాక్షి సంతకం కూడా ఉండాలి. పిల్లలైతే తల్లో తండ్రో సంతకం చేయాలి. సంతకం తీసుకొనే ముందు ఆ మనిషికి తెలిసిన భాషలో, తెలుగులోనో ఉర్దూలోనో, ఇది దేనికి వాడుతారో విడమరచి చెప్పడం మన ధర్మం. చదువురాని మనిషి వేలిముద్ర తీసుకొని వచ్చేయడం సంపాదన కాదు, దోపిడీ.

స్టూడియో సోదరులు మరొక సంగతి గుర్తుంచుకోవలెను. మన దేశపు 1957 నాటి కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, ఒకరు డబ్బిచ్చి తీయించుకొన్న ఫోటోకు, వేరే ఒప్పందం లేనంతవరకు, మొదటి హక్కుదారు తీయించుకొన్నవారే. అంటే మీ కంప్యూటరులో ఉన్న నిఖా ఫోటోలు, వలీమా ఫోటోలు మీరు కష్టపడి తీసినవైనా అమ్ముకోవడానికి మీవి కావు. ఒక ఆడపిల్ల పెళ్లి ఫోటో ఆ కుటుంబానికి తెలియకుండా ఎక్కడో కనబడితే ఆ ఇంటి బాధ ఎంతో ఆలోచించండి. అలాకాక మీ అంతట మీరు, మీ కోసం తీసుకొన్న ఫోటోల హక్కు మాత్రం మీదే. 2012 సవరణ తరువాత ఆ హక్కు మీ జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు నిలుస్తుంది. అంటే పిల్లలకు మిగిల్చే ఆస్తి కూడా కాగలదన్నమాట.

స్థలాల విషయంలోనూ మర్యాద ఉంది. తిరుమల ఆలయంలోకి కెమెరాలు, సెల్‌ఫోన్లు అనుమతించరు. ఆ నియమాన్ని గౌరవించడం ఈ గడ్డ మీద పుట్టిన ప్రతివాని బాధ్యత. దర్గాలోనైనా, మసీదులోనైనా కమిటీ పెద్దల అనుమతి లేకుండా, నమాజులో ఉన్నవారి ఎదుట కెమెరా ఎత్తరాదు. చంద్రగిరి కోట పురావస్తు శాఖ రక్షణలో ఉన్నది. అక్కడి సిబ్బందిని అడిగి, వారి నియమాలు తెలుసుకొని తీయవలెను.

అనుమతి పత్రం లేకుండా పంపదగిన రకం ఇంకొకటి ఉంది. దానిని ఎడిటోరియల్ అంటారు, అంటే వార్తలకు, పాఠ్యపుస్తకాలకు మాత్రమే. 2023 జులైలో టమోటా ధర ఆకాశానికంటినప్పుడు దేశం మదనపల్లె వైపు చూసింది. 2025లో తోతాపురి ధర పడిపోయి మన రైతు కన్నీరు పెట్టినాడు. అటువంటి ఫోటోలు ఈ రకానికి చెందుతాయి. ఇందులో ఎక్కడ, ఎప్పుడు, ఏమి జరిగిందో ఉన్నది ఉన్నట్టు రాయవలెను. దృశ్యంలో ఒకటి తీసివేయడం, ఒకటి చేర్చడం పనికిరాదు. ఇది సాక్ష్యం చెప్పడం వంటిదే.

పనిలో సగం ఫోటో తీసిన తరువాతే ఉంటుంది. ప్రతి ఫోటోకూ ఇంగ్లీషులో పేరు, వెతకడానికి పనికివచ్చే మాటలు రాయాలి. అడోబ్ వారు 49 మాటల వరకు, షట్టర్‌స్టాక్ వారు 7 నుండి 50 మాటల వరకు ఒప్పుకొంటారు. చింతపండును ఒట్టి పండు అని రాస్తే ఎవరికీ దొరకదు. పండు పేరు, చెట్టు పేరు, ఊరు, వంట, పులుపు, అన్నీ రాస్తేనే దొరుకుతుంది. ఇక్కడ నాన్న చేతిలో కెమెరా, ఇంగ్లీషు చదివే అమ్మాయి చేతిలో మాటలు. ఇంటిల్లిపాదీ చేసుకొనే పని ఇది.

లెక్కలు, మోసాలు కూడా చెప్పుకోవాలి. అమెరికా సంస్థలకు పంపేవారు డబ్ల్యు-8బెన్ అనే పన్ను పత్రం నింపవలెను. అది నింపితే అమెరికాలో జరిగిన అమ్మకాల మీద రెండు దేశాల ఒప్పందం ప్రకారం 15 శాతమే పట్టుకొంటారు, నింపకపోతే 30 శాతం. మన పాన్ నంబరు దానికి సరిపోతుంది. ఈ ఆదాయాన్ని ఇక్కడ కూడా లెక్కలో చూపవలెను, ఆడిటరును అడగండి. ఇక ఎవరైనా మీ ఫోటోలు మేమమ్మిపెడతాము, రోజుకు వేలు వస్తాయి, ముందు డిపాజిట్ కట్టండి అని సెల్‌ఫోనులో సందేశం పంపితే, అది మోసమని తెలుసుకోండి. మేము చెప్పిన సంస్థలలో చేరడానికి పైసా కట్టనక్కరలేదు.

కృత్రిమ మేధతో యంత్రమే బొమ్మలు గీస్తున్న ఈ రోజుల్లో ఇదంతా ఎందుకని యువకులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కార్యాలయంలో నవ్వుతున్న మనుషులు, నున్నటి మామిడిపండు వంటి బొమ్మలకు ఆ దెబ్బ తప్పదు. పైగా మన ఫోటోలతోనే ఆ యంత్రాలకు నేర్పుతున్నారు. అడోబ్ వారు 2023లో తెచ్చిన ఫైర్‌ఫ్లై అనే యంత్రం అడోబ్ స్టాక్ ఫోటోలతో నేర్చినదే. అందుకు కొంత బోనస్ కూడా ఇచ్చినారు. షట్టర్‌స్టాక్‌లో ఇందుకు ఒప్పుకోము అని చెప్పే ఏర్పాటు ఖాతాలోనే ఉన్నది. చేరేటప్పుడే చదివి తేల్చుకోండి. అయితే ఫలానా రోజున మదనపల్లె మార్కెట్టులో ఏమి జరిగిందో ఏ యంత్రమూ చూడలేదు. అక్కడ నిలబడిన మనిషే చూశాడు. ఆ చూపుకు విలువ తగ్గవచ్చునేమో గాని పోదు.

చివరిగా మూడు సూచనలు. ఒకటి, తెలుగులోనూ ఉర్దూలోనూ అర్థమయ్యే అనుమతి పత్రం వివరణను సంఘం అచ్చువేసి ఉంచాలి. రెండు, అనుభవమున్న స్టూడియో పెద్దలు నెలకొక ఆదివారం పిల్లలకు వెలుతురు, ఫోకస్ నేర్పాలి. స్త్రీలకు స్త్రీలే నేర్పే ఏర్పాటు వేరుగా ఉండాలి. మూడు, తలా ఒక కంప్యూటరు కొనలేము కనుక సంఘం గదిలో ఒకటి పెట్టి వంతులవారీగా వాడుకోవాలి. దీనివల్ల ఎవరూ ధనవంతులు కాకపోవచ్చు. కాని ఖాళీ నెలలో ఒక ఇంటి కరెంటు బిల్లు, ఒక బిడ్డ పుస్తకాల ఖర్చు వచ్చినా, అది ఎవరినీ నొప్పించకుండా, ఎవరి ముఖాన్నీ దొంగిలించకుండా వచ్చిన డబ్బైతే, అందులో బరకత్ ఉంటుంది.

 అల్లాహ్ మన చేతి కష్టానికి హలాల్ రిజ్క్ ప్రసాదించుగాక. ఆమీన్. ఖుదా హాఫిజ్.