పొగ పీల్చిన వెంటనే ఏం జరుగుతుంది?



"పొగ తాగితే క్యాన్సర్ వస్తదంటరు, అది ఎప్పటికో కద సిస్టరమ్మా!" అని చాలామంది అంటారు. ఎప్పటికో వచ్చేదాని సంగతి అలా ఉంచండి. ఈ రోజు ఒక్క సిగరెట్టో, బీడీయో కాలిస్తే ఈ రోజే మీ శ్వాసకు ఏమవుతుందో వినండి.

మనం పీల్చే గాలి చెట్టు కొమ్మల్లా చీలిన శ్వాసనాళాల గుండా ఊపిరితిత్తులకు చేరుతుంది. ఈ నాళాల లోపలి గోడలకు కంటికి కనబడని సన్నని నూగు, దానిపై పలుచని జిగురు పొర ఉంటాయి. దుమ్ము, సూక్ష్మక్రిములు జిగురుకు అంటుకుంటాయి. నూగు రాత్రింబగళ్ళు ఊగుతూ ఆ చెత్తను గొంతు వైపు తోస్తుంది. ఇది దేవుడిచ్చిన చీపురు. పొగ తగిలితే మూడు నష్టాలు జరుగుతాయి.

1. నాళాలు బిగుసుకుంటాయి: కొద్ది నిమిషాల్లోనే గాలి దారి ఇరుకవుతుంది. ఆరోగ్యవంతునికి ఇది తెలియకపోవచ్చు. ఉబ్బసం ఉన్నవారికి మాత్రం పిల్లికూతలు, ఆయాసం మొదలవుతాయి.

2. చీపురు మందగిస్తుంది: రోజూ తాగేవారిలో జిగురు ఎక్కువగా ఊరుతుంది, నూగు సరిగా ఊగదు. కళ్ళె లోపలే నిలిచి పొద్దున్నే దగ్గు తెస్తుంది. "బీడీ తాగితేనే కళ్ళె తెగుతది" అంటారు. ఆ కళ్ళెను పుట్టించేదే బీడీ!

3. రక్తంలో ప్రాణవాయువు తగ్గుతుంది: పొగలోని కార్బన్ మోనాక్సైడ్ రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. నికోటిన్ వల్ల గుండె వేగం పెరుగుతుంది. అంటే గుండెకు పని ఎక్కువ, ఆహారం తక్కువ. పల్లికాయ బస్తా ఎత్తగానే రొప్పు వచ్చేది అందుకే.

బీడీ మేలు కదా? కాదు. తునికాకు బీడీ త్వరగా ఆరిపోతుంది కనుక మాటిమాటికీ గట్టిగా లాగాలి. విషం తక్కువేమీ చేరదు.

ఇంట్లో తాగితే ఆ పొగ పిల్లలూ పీలుస్తారు. వారి నాళాలు మరీ సన్ననివి. దగ్గు, న్యుమోనియా, ఉబ్బసం వారికి తేలికగా వస్తాయి. వాకిట్లో తాగినా పొగ లోపలికి వస్తుంది.

ఆపరేషన్ ఉన్నవారు పొగ అలవాటు డాక్టరు దగ్గర దాచకండి. కనీసం 4 వారాల ముందు మానితే తర్వాత ఊపిరితిత్తుల ఇబ్బందులు, పుండు మానకపోవడం తగ్గుతాయి.

శుభవార్త కూడా ఉంది. మానిన 20 నిమిషాలకే గుండె వేగం తగ్గుతుంది. 12 గంటలకు రక్తంలో కార్బన్ మోనాక్సైడ్ మామూలు స్థాయికి వస్తుంది. 1 నుండి 9 నెలల్లో దగ్గు, ఆయాసం తగ్గుతాయి. కొందరికి మానిన కొత్తలో దగ్గు పెరుగుతుంది. చీపురు మళ్ళీ పని మొదలుపెట్టిందని గ్రహించండి, భయపడి తిరిగి అంటించకండి.

అయితే రెండు వారాలు దాటిన ప్రతి దగ్గునూ "పొగ దగ్గే" అనుకోవద్దు. ప్రభుత్వ ఆసుపత్రిలో కళ్ళె పరీక్ష ఉచితం, టి.బి. ఉందేమో తెలుస్తుంది. కళ్ళెలో రక్తం పడినా, ఛాతీ నొప్పి వచ్చినా, కూర్చున్నచోటే ఆయాసం వచ్చినా వెంటనే ఆసుపత్రికి రండి.

మానాలనుకునేవారు 1800-11-2356కు ఉచితంగా ఫోన్ చేసి సలహా పొందవచ్చు. 2018 నుండి ఈ నంబరు పొగాకు ప్యాకెట్లపైనే అచ్చవుతోంది. ఒక తేదీ పెట్టుకోండి, ఇంట్లోవారికి చెప్పండి, అగ్గిపెట్టె జేబులో ఉంచుకోకండి. మొదటిసారి ఓడిపోయినా మళ్ళీ ప్రయత్నించండి.