పాఠం ఇల్లు చేరే దారికి బాధ్యులెవరు?

అధ్యక్షోపన్యాసం



2020 మార్చిలో అమెరికాలో బడులు వరసగా మూతపడ్డాయి. దాదాపు అయిదు కోట్ల మంది ప్రభుత్వ పాఠశాలల పిల్లలు ఇళ్లలో కూర్చున్నారు. వాళ్ల చదువు ఎవరి బల్ల మీద వచ్చి పడిందో అప్పట్లో పత్రికలు పెద్దగా రాయలేదు. గవర్నర్లు మాట్లాడారు, ఉపాధ్యాయ సంఘాలు మాట్లాడాయి, తల్లిదండ్రులు మాట్లాడారు. ఆ పని భుజాన వేసుకున్నది మాత్రం స్కూల్ డిస్ట్రిక్టులో టెక్నాలజీ డైరెక్టర్ అనే అధికారి. పెద్ద డిస్ట్రిక్టుల్లో ఆ పదవిని చీఫ్ ఇన్ఫర్మేషన్ ఆఫీసర్ అంటారు. అప్పటిదాకా ప్రింటరు పాడైనా, ప్రొజెక్టరు వెలగకపోయినా గుర్తొచ్చే ఆ మనిషి చేతికే రాత్రికి రాత్రి బడి మొత్తం వచ్చింది. ఈ ప్రసంగం ఆ పదవి గురించి.

ముందుగా ఒక వివరణ అవసరం. అక్కడి స్కూల్ డిస్ట్రిక్టుకూ మన రెవెన్యూ జిల్లాకూ సంబంధం లేదు. బడులు నడపడానికే ఏర్పడిన స్థానిక పాలనా సంస్థ అది. అలాంటివి దేశంలో సుమారు 13,000 ఉన్నాయి. కొన్నింటిలో కొన్ని వందల మంది పిల్లలే ఉంటారు. న్యూయార్క్ నగరంలో 2020లో సుమారు 11 లక్షల మంది. చాలాచోట్ల ఎన్నికైన స్కూల్ బోర్డు ఉంటుంది, ఆ బోర్డు నియమించిన సూపరింటెండెంట్ ఉంటారు. మామూలు సంవత్సరాల్లో బడుల ఖర్చులో కేంద్ర ప్రభుత్వ వాటా పదో వంతులోపే. మిగతాదంతా రాష్ట్రమూ, స్థానిక పన్నులూ భరించాలి. కాబట్టి ఏ కంప్యూటర్ కొనాలి, ఏ కంపెనీతో కాంట్రాక్టు రాసుకోవాలి, సర్వర్ ఎక్కడ పెట్టాలి అన్న నిర్ణయాలన్నీ ఏ డిస్ట్రిక్టుకా డిస్ట్రిక్టు విడివిడిగా తీసుకోవలసినవే.

ఆ నిర్ణయాల్లో సాంకేతిక నాయకత్వానికి సరైన చోటు లేకపోతే ఏమవుతుందో లాస్ ఏంజలస్ ముందే చూపించింది. దేశంలో రెండో పెద్ద డిస్ట్రిక్టు అది. 2013లో ప్రతి విద్యార్థికీ ఐప్యాడ్ ఇస్తామని ప్రకటించింది. వైఫై పనులతో కలిపి అంచనా 130 కోట్ల డాలర్లు. యంత్రం ఆపిల్‌ది, అందులోని పాఠాలు పియర్సన్ సంస్థవి. పంపిణీ మొదలైన కొద్ది రోజులకే హైస్కూలు పిల్లలు తమ ప్రొఫైల్ తొలగించి, వడపోతలు దాటుకుని తమకు కావలసిన సైట్లన్నీ తెరిచేశారు. కొన్ని బడుల్లో ఇచ్చిన ఐప్యాడ్లను వెనక్కి తీసుకోవలసి వచ్చింది. పాఠ్యక్రమం అప్పటికి పూర్తి కాలేదు. పరీక్షలు రాయడానికి కీబోర్డు కావాలన్న సంగతి తర్వాత తేలింది. 2014 ఆగస్టులో కాంట్రాక్టు ఆగింది. డిసెంబరులో ఎఫ్‌బీఐ వాళ్లొచ్చి పెట్టెల కొద్దీ కాగితాలు పట్టుకెళ్లారు. చివరికి ఎవరి మీదా కేసు పెట్టకుండానే ఆ విచారణ ముగిసింది.

అదే ఆగస్టులో, అదే డిస్ట్రిక్టులో మరో దెబ్బ తగిలింది. విద్యార్థుల వివరాలు, తరగతుల పట్టికలు చూసే మైసిస్ అనే కొత్త సాఫ్ట్‌వేర్‌ను సిద్ధం కాకముందే మొదలుపెట్టారు. జెఫర్సన్ హైస్కూల్లో ఏ పిల్లవాడు ఏ గదికి వెళ్లాలో తేలక కొందరు వారాల తరబడి ఆడిటోరియంలో కూర్చున్నారు. కొందరు అప్పటికే పాసైన సబ్జెక్టులోనే మళ్లీ కూర్చున్నారు. అక్టోబరులో న్యాయమూర్తి జోక్యం చేసుకుని రాష్ట్రాన్ని ఆదేశిస్తే గానీ పట్టిక సరికాలేదు. సూపరింటెండెంట్ జాన్ డీసీ అదే నెలలో రాజీనామా చేశారు.

ఈ రెండు ఘటనల్లోనూ లోపం ఒక్కటే. కొనేవారు, పాఠం చెప్పేవారు, నడిపేవారు ఒక బల్ల దగ్గర కూర్చోలేదు.

ఆరేళ్ల తర్వాత పరీక్ష దేశమంతటికీ వచ్చింది. 2020 మార్చి నెలాఖరులో లాస్ ఏంజలస్ సూపరింటెండెంట్ ఆస్టిన్ బ్యూట్నర్ ఒక సంగతి దాచకుండా చెప్పారు. హైస్కూలు విద్యార్థుల్లో సుమారు 15,000 మంది ఆన్‌లైన్‌లో ఒక్కసారి కూడా కనపడలేదు. 40,000 మందికి పైగా రోజూ అందుబాటులో లేరు. కంప్యూటర్లకూ ఇంటర్నెట్‌కూ ఆ డిస్ట్రిక్టు అత్యవసరంగా 10 కోట్ల డాలర్లు కేటాయించింది. ఆ లోగా స్థానిక పబ్లిక్ టెలివిజన్ ఛానెళ్లలో పాఠాలు పెట్టించింది.

వర్జీనియాలోని ఫెయిర్‌ఫాక్స్ కౌంటీ కథ మరింత దగ్గరగా చూడదగ్గది. వాషింగ్టన్ శివార్లలోని సంపన్న ప్రాంతం అది. హెర్న్‌డన్, షాంటిలీ చుట్టుపక్కల ఎన్నో తెలుగు కుటుంబాలు ఉంటాయి; వాళ్లలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగులే ఎక్కువ. డిస్ట్రిక్టులో అప్పట్లో దాదాపు 1,89,000 మంది పిల్లలు. బడులు మూతపడిన నెల రోజులకు, ఏప్రిల్ 14న ఆన్‌లైన్ తరగతులు మొదలయ్యాయి. పొద్దున్నే పిల్లలు లాగిన్ పేజీ దగ్గరే ఆగిపోయారు. లోపలికి వెళ్లగలిగిన కొన్ని తరగతుల్లో బయటివాళ్లు దొంగపేర్లతో చొరబడి అసభ్యమైన మాటలు రాశారు. కొన్ని రోజులు సరిచేసి మరుసటి సోమవారం మళ్లీ ప్రయత్నించారు. మళ్లీ అదే తంతు. బ్లాక్‌బోర్డ్ అనే ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీ ప్రతినిధి, డిస్ట్రిక్టు అంతకుముందు విడుదలైన అప్‌డేట్లను వేసుకోలేదని బోర్డు ముందు చెప్పారు. అవి ఇంత ముఖ్యమని తమకెవరూ చెప్పలేదని డిస్ట్రిక్టు జవాబిచ్చింది. ఐటీ విభాగాన్ని ఏళ్ల తరబడి నడిపిన అధికారి కొద్ది రోజుల్లోనే పదవి నుంచి తప్పుకున్నారు.

ఒక్క మనిషి తప్పుకుంటే సరిపోయే సమస్యా ఇది? తొమ్మిదేళ్ల పాప ఉదయం తొమ్మిదింటికి తరగతిలో కనపడాలంటే ఏమేం జరగాలో వరసగా చూడాలి. ఇంట్లో ఆ పాపకంటూ ఒక కంప్యూటర్ ఉండాలి. దానికి నెట్ అందాలి. పాస్‌వర్డ్ గుర్తుండాలి. ఆ పేరు, ఆ పాస్‌వర్డ్ సరైనవేనని డిస్ట్రిక్టు సర్వర్ ధ్రువీకరించాలి. అప్పుడు పాఠాల వేదిక తెరుచుకోవాలి, అందులోంచి వీడియో గది తెరుచుకోవాలి. మామూలు రోజుల్లో పిల్లలు ఒక్కో వేళలో ఒక్కొక్కరుగా వస్తారు కాబట్టి ధ్రువీకరణ సర్వర్ మీద భారం పడదు. బడి గంట కొట్టగానే లక్ష మంది ఒకే నిమిషంలో తలుపు తడితే అది చేతులెత్తేస్తుంది. ఆ భారాన్ని ముందే కృత్రిమంగా పెట్టి చూసే పద్ధతి ఉంది. లోడ్ టెస్టింగ్ అంటారు. దానికి ఒక వారం గడువు కావాలి. ఆ గడువు అడిగే అధికారం, అడిగితే వినే బోర్డు, రెండూ కావాలి.

మయామీ-డేడ్‌లో ఈ రెండూ లోపించాయి. అప్పట్లో దేశంలో నాలుగో పెద్ద డిస్ట్రిక్టు అది. 2020 వేసవిలో పోటీ టెండరు లేకుండా కె12 అనే కంపెనీ వేదికను ఎంచుకున్నారు. కాంట్రాక్టు విలువ కోటీ 53 లక్షల డాలర్లు. ఉపాధ్యాయులకు శిక్షణ హడావిడిగా ముగిసింది. ఆగస్టు 31న తొలి రోజే వ్యవస్థ కుప్పకూలింది. కారణాలు వెతికితే మూడు కనిపించాయి: డిస్ట్రిక్టు నెట్‌వర్క్‌లో సాఫ్ట్‌వేర్ లోపం, వేదిక బలహీనత, వాటికి తోడు సర్వర్ల మీద దాడులు. ఆ దాడుల్లో కొన్ని చేసినందుకు పదహారేళ్ల విద్యార్థిని పోలీసులు అరెస్టు చేశారు. అతను వాడింది చాలా ఏళ్లుగా అందరికీ తెలిసిన పాత పనిముట్టు. సెప్టెంబరులో ఇంకో సంగతి బయటపడింది. ఆ కాంట్రాక్టు మీద సూపరింటెండెంట్ సంతకమే లేదు. అర్ధరాత్రి దాటాక కూడా సాగిన సమావేశంలో బోర్డు ఆ వేదికను వదిలేయాలని తీర్మానించింది. ఉపాధ్యాయులు నేర్చుకున్నదంతా పక్కన పెట్టి టీమ్స్, జూమ్ పట్టుకున్నారు.

ఇక ఇంటి వైపు. అదే ఆగస్టులో కాలిఫోర్నియాలోని సలీనాస్ పట్టణంలో తీసిన ఒక ఫొటో దేశమంతా తిరిగింది. టాకో బెల్ హోటల్ బయట సిమెంటు నేల మీద ఇద్దరు ఆడపిల్లలు ల్యాప్‌టాప్‌లు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు; హోటల్ వైఫై కోసం. సిలికాన్ వ్యాలీ అక్కడికి గంట ప్రయాణం. ఫొటో వచ్చాక డిస్ట్రిక్టు ఆ కుటుంబానికి హాట్‌స్పాట్ ఇచ్చింది. న్యూయార్క్‌లో సిమ్ ఉన్న ఐప్యాడ్లు మూడు లక్షలు పంచారు. అయితే నిరాశ్రయుల వసతి గృహాల్లో సిగ్నల్ అందక అవి పనిచేయని చోట్లున్నాయి. లీగల్ ఎయిడ్ సొసైటీ నవంబరులో కోర్టుకెక్కితే, ఆ గృహాల్లో వైఫై పెట్టడానికి నగరం తర్వాతి ఏడాది ఒప్పుకుంది.

ఈ లోటుకు మూలం చట్టంలోనే ఉంది. 1996 నాటి టెలికమ్యూనికేషన్స్ చట్టం నుంచి పుట్టిన ఈ-రేట్ పథకం బడి భవనాలకూ గ్రంథాలయాలకూ ఇంటర్నెట్ ఖర్చులో రాయితీ ఇచ్చింది. ఆ పాతికేళ్లలో బడి గోడల లోపల పని బాగా జరిగింది. గోడ దాటాక పిల్లల ఇల్లు ఎవరి పద్దులోనూ లేదు. ఇంటి నెట్ కోసం 717 కోట్ల డాలర్ల అత్యవసర నిధి వచ్చింది 2021లో. అప్పటికి ఒక విద్యా సంవత్సరం గడిచిపోయింది.

ఇల్లు కూడా తన బాధ్యతేనని అనుకున్న డిస్ట్రిక్టులు ముందు నుంచీ కొన్ని ఉన్నాయి. కాలిఫోర్నియాలోని కోచెల్లా వ్యాలీలో సూపరింటెండెంట్ డారిల్ ఆడమ్స్ 2014 ప్రాంతంలోనే స్కూలు బస్సులకు వైఫై బిగించి, రాత్రుళ్లు వ్యవసాయ కూలీల ట్రెయిలర్ పేటల్లో నిలబెట్టించారు. టెనెసీలోని హామిల్టన్ కౌంటీ ఇంకా ముందుకెళ్లింది. అక్కడి చట్టనూగా నగరంలో విద్యుత్ సరఫరా చేసే ఈపీబీ అనే ప్రభుత్వ సంస్థకు 2010 నుంచే ఇంటింటికీ ఫైబర్ ఉంది. 2020 జూలైలో డిస్ట్రిక్టు, ఈపీబీ, నగరం, కౌంటీ, దాతలు కలిసి ఒక ఏర్పాటు చేశారు. ఉచిత, రాయితీ భోజనాలకు అర్హులైన పిల్లల జాబితా బడి దగ్గర ఎలాగూ ఉంది. ఆ అర్హతనే ఆధారం చేసుకుని దాదాపు 28,000 మంది విద్యార్థుల ఇళ్లకు సెకనుకు 100 మెగాబిట్ల ఇంటర్నెట్, పదేళ్ల పాటు, ఉచితంగా.  ఈ సభలోని పరిశోధకులు దీర్ఘంగా చదవవలసిన ఉదాహరణ ఇది.

సాంకేతిక నాయకత్వం మీద మరో భారం భద్రత. 2020 నవంబరులో, థాంక్స్‌గివింగ్ పండుగ ముందురోజు, మేరీల్యాండ్‌లోని బాల్టిమోర్ కౌంటీ బడుల నెట్‌వర్క్‌ను డబ్బు గుంజడానికి వ్యవస్థలను బిగించే ర్యాన్సమ్‌వేర్ స్తంభింపజేసింది. సుమారు 1,15,000 మంది పిల్లల తరగతులు కొన్ని రోజులు ఆగిపోయాయి. 2022 సెప్టెంబరులో, సెలవు వారాంతం చూసుకుని, లాస్ ఏంజలస్ మీద అలాంటి దాడే జరిగింది. చదువు తెర మీదికి వెళ్లాక సర్వర్ ఆగితే బడికి తాళం పడినట్టే.

డబ్బు రాలేదనడానికి వీల్లేదు. 2020, 2021 సంవత్సరాల్లో అమెరికా కాంగ్రెస్ మూడు విడతల్లో బడులకు సుమారు 19,000 కోట్ల డాలర్ల సహాయం ఇచ్చింది. దాంతో పెద్ద సంఖ్యలో గూగుల్ వ్యవస్థతో నడిచే క్రోమ్‌బుక్‌లు కొన్నారు. ప్రతి క్రోమ్‌బుక్‌కూ గూగుల్ అప్‌డేట్లు ఆగిపోయే తేదీ ఒకటుంటుంది. విమర్శలు పెరిగాక 2023లో గూగుల్ ఆ గడువును పదేళ్లకు పెంచింది. సహాయ నిధి గడువు 2024 సెప్టెంబరుతో తీరిపోయింది. పాతబడే యంత్రాలు, జీతం ఇవ్వలేని సాంకేతిక సిబ్బంది, పెరిగిన లైసెన్సు రుసుములు మాత్రం డిస్ట్రిక్టుల చేతిలో మిగిలాయి. తొమ్మిదేళ్ల పిల్లల జాతీయ పరీక్షలో 2020 నుంచి 2022కి చదవడంలో 5 పాయింట్లు, లెక్కల్లో 7 పాయింట్లు తగ్గాయి. ఇందులో ఆన్‌లైన్ వైఫల్యం వాటా ఎంతో విడదీయడం తేలిక కాదు. నష్టం మాత్రం వాస్తవం.

తెలుగు నేలకు ఈ అనుభవం పరాయిది కాదు. లాస్ ఏంజలస్ టీవీని ఆశ్రయించినట్టే తెలంగాణ 2020 సెప్టెంబరు 1 నుంచి టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి ద్వారా పాఠాలు ప్రసారం చేసింది. టీవీ చాలా ఇళ్లకు చేరింది. పిల్లల సందేహం మాత్రం తిరిగి ఉపాధ్యాయుల దాకా రాలేదు. ఆంధ్రప్రదేశ్ 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకూ ఉపాధ్యాయులకూ అయిదు లక్షలకు పైగా ట్యాబ్‌లు ఇచ్చింది. వాటిలో బైజూస్ అనే కంపెనీ పాఠాలు ముందే నింపారు కాబట్టి నెట్ లేని ఊళ్లోనూ తెరుచుకునేవి. ఆ ఆలోచన మంచిది. అయితే ఆ కంపెనీ మీద 2024లో దివాలా ప్రక్రియ మొదలైంది. ప్రభుత్వం ఏ సంస్థ పాఠాల మీద ఆధారపడినా, ఆ సంస్థ లేని రోజున పాఠాలు ఎవరివి, పిల్లల వివరాలు ఎవరి దగ్గర ఉంటాయి అన్న ప్రశ్నలకు జవాబు కాంట్రాక్టులోనే రాసి ఉండాలి.

అందుకే ఈ సభ ముందు మూడు ప్రతిపాదనలు. ఒకటి, విద్యాశాఖలో జిల్లా స్థాయిలో సాంకేతిక అధికారి పదవి ఉండాలి. ఆ అధికారి బోధన తెలిసినవారై ఉండాలి, కొనుగోలు నిర్ణయంలో వారి సంతకం తప్పనిసరి కావాలి. రెండు, పిల్లల ఇంట్లో పరికరం, నెట్, కరెంటు, చదువుకునే చోటు ఉన్నాయో లేవో ఏటా బడి తెరిచే వారంలోనే లెక్క తీయాలి. ఆపద వచ్చాక ఆ లెక్క మొదలుపెడితే ఆలస్యమవుతుందని సలీనాస్, న్యూయార్క్ చెబుతున్నాయి. మూడు, ఏడాదికి ఒక రోజు ఒక జిల్లా మొత్తం ఇంటి నుంచే చదివే అభ్యాసం చేయాలి, అందులో తేలిన లోపాలను బహిరంగంగా ప్రకటించాలి.

ఈ మూడింటి మీదా పత్రసమర్పకుల అభిప్రాయాలు, ముఖ్యంగా గ్రామీణ పాఠశాలల్లో పనిచేస్తున్న ఉపాధ్యాయుల అభ్యంతరాలు, ముగింపు సభకు ముందే రాతపూర్వకంగా అందాలని కోరిక. వాటిని కలుపుకుని తయారయ్యే తీర్మానాన్ని రెండు రాష్ట్రాల విద్యాశాఖలకు పంపే బాధ్యతను అధ్యక్షస్థానం స్వీకరిస్తోంది.  ఇక తొలి సదస్సు సమన్వయకర్తకు వేదిక అప్పగించడమైనది.