తాళాలు అడిగిందెవరు?



మన పార్టీల్లో మీరూ చూసే ఉంటారు. ఎవరో లైను తప్పి ముందుకొస్తారు. లోపల గొణుక్కునేవాళ్ళం పదిమందిమి; "బాబూ, ఇది పద్ధతి కాదు" అనేది ఒక్కరే. ఆ ఒక్కరూ ఎలాంటివారు?

చిరాకు మనిషే అయ్యుంటారని నేను అనుకునేవాణ్ణి. ఎందుకంటే మా బృందంలో ఆ చిరాకు మనిషిని నేనే!

ఒకసారి మా ఇంట్లో పుట్టినరోజు పార్టీ అయ్యాక, ఒక మిత్రుడు బాగా తాగి కారు తాళాలు తీశాడు. పక్కన ఇద్దరు పిల్లలు. అందరం చూశాం. నాకు నోరు పెగల్లేదు. పదేళ్ళ స్నేహం, నలుగురిలో అతని పరువు... ఇంతలో మా అత్తగారు వచ్చారు. ఇండియా నుంచి వచ్చి నెల కాలేదు, ఎవర్నీ గట్టిగా ఒక మాట అనని మనిషి. "నాయనా, పిల్లలకి నిద్రొస్తోంది. తాళాలు ఇలా ఇచ్చి ఈ పూట ఇక్కడే పడుకోండి" అని చెయ్యి చాపారు. అతను మారుమాట లేకుండా ఇచ్చేశాడు.

ఆ తర్వాత ఈ విషయం మీద కొంత చదివాను. ఫెర్, గెక్టర్ అనే ఆర్థికవేత్తలు 2002లో జ్యూరిచ్‌లో 240 మంది విద్యార్థులతో చేసిన ప్రయోగాన్ని ప్రకటించారు. అందరూ కలిసి వేసే చందాలో తన వంతు ఎగ్గొట్టినవాడికి జరిమానా వెయ్యొచ్చు, కాని వేసేవాడికీ కొంత సొమ్ము పోతుంది. అయినా నూటికి 84 మంది ఒక్కసారైనా వేశారు. వాళ్ళని కదిలించింది కోపమేనని పరిశోధకులు అన్నారు. అంటే నాబోటివాళ్ళన్నమాట!

కాని 2018లో బ్రావర్ తదితరులు ప్రచురించిన అధ్యయనం ఇంకోలా చెప్పింది. తప్పు చూస్తే కలగజేసుకుంటామన్నవాళ్ళు అసంతృప్తితో సణిగేవాళ్ళు కారట. పరోపకార బుద్ధి, బాధ్యత, చొరవ ఉన్నవాళ్ళు. తమ ఆవేశాన్ని అదుపులో పెట్టుకోగలవాళ్ళు. తోటివారి ఆదరణ ఉందనుకునేవాళ్ళు.

అక్కడ మా అత్తగారు కనిపించారు నాకు. నా చిరాకు పులిహోర గిన్నె దగ్గర పనికొచ్చింది, కారు దగ్గర పనికిరాలేదు. నేను నలుగురూ ఏమనుకుంటారో చూశాను. ఆవిడ పిల్లల్ని చూశారు.

మర్నాడు ఆ మిత్రుడు ఫోన్ చేసి ఆవిడనే అడిగాడు. "థాంక్స్ అండీ" అని ఒక్క మాట. ఫోన్ అందించింది నేనే.

"మనకెందుకులే" అని పిల్లల ముందు అనే ముందు ఒక్క క్షణం ఆగుదాం. ఇప్పటికి సెలవు.