పేరు అడగని ఫొటో



ఈ రోజు మనం ఒక ఫొటో గురించి మాట్లాడుకుందాం. ఫొటో తీసినాయన అమెరికావాడు. పేరు స్టీవ్ మెక్‌కరీ. దేశాలు తిరిగి ఫొటోలు తీయడం ఆయన పని. ఫొటోలో ఉన్నది ఒక ఆఫ్ఘన్ పిల్ల. తీసిన చోటు పాకిస్తాన్. మూడు దేశాల సంగతి ఇది. అయినా కష్టమేమీ లేదు. నెమ్మదిగా చెప్తాను.

ఫొటో అంటే అంతా కెమెరా గొప్ప అనుకుంటాం. కానీ పరాయి దేశం వెళ్లిన మనిషికి దారి ఎవరు చూపిస్తారు? ఆకలేస్తే రొట్టె ఎవరు పెడతారు? ఇది మంచి తోవ, ఇది ప్రమాదం అని ఎవరు చెప్తారు? అక్కడి జనమే కదా! వాళ్లు దగ్గరికి రానిస్తేనే ఫొటో. లేకపోతే కెమెరా ఉత్త పెట్టె.

మెక్‌కరీ 1978లో మన ఇండియాకి వచ్చాడు. జనం మధ్య ఓపిగ్గా కాచుకుని ఉండడం ఇక్కడే నేర్చుకున్నానని ఆయన చెప్పుకున్నాడు. 1979లో పాకిస్తాన్ వెళ్లాడు. అక్కడ చిత్రాల్ అనే కొండ ఊరు ఉంది. ఆ ఊళ్లో కొందరు ఆఫ్ఘన్లు కలిశారు. వాళ్ల దేశంలో పోరు జరుగుతోంది. ఊళ్లు తగలబడుతున్నాయి. ఇల్లూ వాకిలీ వదిలి పారిపోయి వచ్చారు. ఇలాంటి వాళ్లని పేపర్లో కాందిశీకులు అని రాస్తారు. శరణార్థులు అని కూడా రాస్తారు. రెండు మాటలూ గుర్తుపెట్టుకోండి.

"మా ఊళ్ల గతి ఏమైందో లోకానికి చూపించాలి, రా" అని వాళ్లే ఆయన్ని పిలిచారు. తమ బట్టలు తొడిగారు. కొండలు దాటించి లోపలికి తీసుకెళ్లారు. అప్పట్లో ఫొటోలు రీలు మీద పడేవి. రీళ్లు దొరికితే లాక్కుంటారు. అందుకని వాటిని బట్టల్లో పెట్టి కుట్టుకుని బయటికి తెచ్చాడు. ఆ ఫొటోలకి 1980లో రాబర్ట్ కాపా పతకం వచ్చింది. పతకం ఒక్కడికే వచ్చింది. కానీ కొండ దాటించిన వాళ్లు ఎందరో!

ఇక అసలు ఫొటో. అది 1984. పెషావర్ పట్నం దగ్గర నాసిర్ బాగ్ అని కాందిశీకుల శిబిరం ఉండేది. ఎటు చూసినా గుడారాలే. ఒక గుడారంలోంచి పిల్లల గొంతులు వినిపించాయి. అది ఆడపిల్లల బడి! మెక్‌కరీ పంతులమ్మని అడిగి లోపలికి వెళ్లాడు. ఒక పిల్ల మీద ఆయన చూపు పడింది. పన్నెండేళ్లు ఉంటాయేమో. ఆకుపచ్చ కళ్లు. చిరుగుల ఎర్ర ముసుగు. ఆ పిల్ల బెదిరినట్టుంది. అందుకని ముందు తోటి పిల్లల ఫొటోలు తీశాడు. వాళ్లని చూసి తనూ ఒప్పుకుంటుందని ఆయన ఆలోచన. మొదట ఆ పిల్ల ముసుగుతో ముఖం కప్పుకుంది. ఆ ఫొటో కూడా ఉంది. తర్వాత చేతులు దించింది. సూటిగా చూసింది. కొద్దిసేపటి పని. అయిపోయింది.

1985 జూన్‌లో నేషనల్ జియోగ్రాఫిక్ అనే అమెరికా పత్రిక ఆ ఫొటోని అట్ట మీద వేసింది. లోకమంతా చూసింది. ఆ కళ్లలో భయం ఉందన్నారు కొందరు. ధైర్యం ఉందన్నారు కొందరు. ఎవరికి తోచింది వాళ్లు రాశారు. కానీ ఆ పిల్ల పేరు మాత్రం ఎవరికీ తెలియదు. మెక్‌కరీ పేరు రాసుకోలేదు. 17 ఏళ్లు ఆమె ఉత్త 'ఆఫ్ఘన్ అమ్మాయి'. ఆ ముఖంతో ఎన్నో పుస్తకాలూ పోస్టర్లూ వచ్చాయి. ఆమె మాత్రం తన ఫొటో చూడనే లేదు.

మన కేంద్రానికి కూడా ఫొటోలు తీసేవాళ్లు వస్తుంటారు. పలక పట్టుకోమంటారు. నవ్వమంటారు. మా పేరు రాసుకున్నావా బాబూ, ఈ ఫొటో ఎక్కడ వేస్తావు అని అడగడంలో సిగ్గేమీ లేదు. నేనైతే అడుగుతాను.

2002లో మెక్‌కరీ ఆమెను వెతుకుతూ మళ్లీ వెళ్లాడు. ఫొటో పట్టుకుని శిబిరంలో అందరినీ అడిగారు. మొదట వేరే ఆవిడ దొరికింది. ఆమె కాదని తేలింది. చివరికి ఒకాయన గుర్తుపట్టాడు. చిన్నప్పుడు వాళ్లది అదే శిబిరం. కొండల్లోకి వెళ్లి మూడు రోజులకి ఆమెను తీసుకొచ్చాడు. చూశారా, ఈసారి కూడా దారి చూపింది అక్కడి మనిషే.

ఆమె పేరు షర్బత్ గులా. బోర్డు మీద రాస్తున్నాను, కూడబలుక్కుని చదవండి. షర్బత్ మనకి తెలిసిందే, తియ్యగా తాగుతాం. గుల్ అంటే పువ్వు. మన గులాబీలో ఉన్నది కూడా అదే మాట.

అప్పటికి ఆమెకి పెళ్లయింది. ముగ్గురు ఆడపిల్లలు. తన వయసెంతో తనకే సరిగ్గా తెలియదు. మనలోనూ చాలామందిది అదే సంగతి కదా! తన పేరు రాయగలదు. చదవడం రాదు. పిల్లలు చదువుకోవాలని ఆమె కోరిక. మరి ఆ రోజు ఫొటో తీస్తే ఏమనిపించింది అని అడిగారు. కోపం వచ్చింది అంది. ముక్కూ ముఖం తెలియని మగవాడు వచ్చి ఫొటో తీశాడు. అంతకు ముందు ఆమెని ఎవరూ ఫొటో తీయలేదు. లోకం 17 ఏళ్లు ఏమిటేమిటో ఊహించింది. ఉన్నది కోపం! అడిగితే కదా తెలిసేది.

ఆ తర్వాత ఆ పత్రికవాళ్లు ఆఫ్ఘన్ ఆడపిల్లల చదువు కోసం ఒక నిధి పెట్టారు. ఇది మంచి పనే.

అయితే ఆమె కష్టాలు తీరలేదు. భర్త పోయాడు. 2016 అక్టోబరులో పాకిస్తాన్ పోలీసులు ఆమెను పట్టుకున్నారు. దొంగ గుర్తింపు కార్డు ఉందని కేసు. కోర్టు 15 రోజుల జైలు వేసింది. తర్వాత ఆఫ్ఘనిస్తాన్ పంపేశారు. కాబూల్‌లో దేశాధ్యక్షుడే ఆమెను పిలిచి మాట్లాడాడు. 2017లో ఆ ప్రభుత్వం ఆమెకు ఇల్లు ఇచ్చింది. ఆ ఫొటో వల్లే పేరొచ్చింది, ఆ ఫొటో వల్లే జైలు కూడా వచ్చింది అని ఆమె విలేఖరులతో చెప్పింది.

2021 ఆగస్టులో తాలిబాన్లు మళ్లీ గద్దె ఎక్కారు. ఆరో తరగతి దాటిన ఆడపిల్లలకి బడి మూసేశారు. గుడారంలో కూడా నడిచిన బడి, ఆలోచించండి! ఆ నవంబరులో ఇటలీ ప్రభుత్వం షర్బత్ గులాని రోమ్ నగరానికి తీసుకెళ్లింది. ఆ వార్త అన్ని దేశాల పేపర్లలోనూ వచ్చింది. పేరుతో సహా వేశారు.