ఉన్నికి రాజాదరణము

వేల్సు దేశమున డ్రెవాఖ్ వెలిండ్రె యను పల్లె గలదు. అచ్చటి మిల్లుల ఫ్లానెలు చొక్కాలను దక్షిణ వేల్సు బొగ్గుగని కార్మికులు తొడిగెడివారు. మొదటి ప్రపంచయుద్ధానంతరము గిరాకి పడిపోయి మిల్లులు క్రమముగా మూతపడెను. అం దొకటియైన కేంబ్రియన్ మిల్లు 1976లో ఉన్ని మ్యూజియమైనది. ఉన్ని బట్టయగు తీరును నేటికిని అచ్చట నడపి చూపుదురు.

2010లో, కత్తిరింపు కూలికిని ఉన్ని వెల చాలని దినములలో, నాటి యువరాజు చార్లెసు ఉన్ని పక్షమున ఉద్యమమునకు పూనుకొనెను. రాజాదరణము గొప్పదే, కాని అచ్చటివారు యంత్రములను తుక్కుక్రింద అమ్మక దాచుటయే మాకు మిన్నగా తోచుచున్నది.

మన కురుమల నల్లగొఱ్ఱె ఉన్నికిని కొనువారు అరుదు. చింతగింజల గంజి పెట్టి గొంగడి నేసిన పెద్దల మగ్గములు అటుకలెక్కినవి. వానిని సంఘభవనమున నొక గదిలో చేర్చి, నేత యెరిగిన వృద్ధుల నచ్చట కూర్చుండబెట్టుడని దాతలను వేడుచున్నాము. రాజులు రాకున్న మానె, మన పిల్లలు వచ్చెదరు.