సంచి చెప్పే లెక్క

 

ఏలూరు నుంచి కైకలూరు వెళ్లే దారిలో, కొల్లేరు సరస్సు ప్రాంతంలో, చేపల చెరువుల్లో పాతిన కర్రలకు సంచులు కట్టి ఉంటాయి. ఎప్పుడైనా ఆగి చూశారా? మొదట్లో తవుడూ చెక్కా నీళ్లలో చల్లేసేవారు. చేప ఎంత తిన్నదో తెలిసేది కాదు. మిగిలింది అడుగున కుళ్లి నీటిని పాడుచేసేది. అది చూసి చూసి రైతులు సంచి అడుగున చిల్లులు పొడిచి, మేత నింపి, కర్రకు వేలాడదీశారు. శీలావతి, బొచ్చె వచ్చి ఆ చిల్లుల దగ్గరే తింటాయి. మేత ఆదా అయింది. నా దృష్టిలో అంతకన్నా గొప్ప సంగతి, సంచి పైకెత్తితే ఎంత తిన్నాయో తెలిసిపోవడం. మేత మిగిలితే రైతు ఆలోచనలో పడతాడు. మబ్బు పట్టి ఆక్సిజన్ తగ్గిందా? జబ్బు తగిలిందా? మర్నాటి మేత ఆ జవాబును బట్టే.

చేస్తున్న పనిలోంచే నేర్చుకునే ఈ తీరు మీద ఎంఐటీ ఆచార్యుడు డొనాల్డ్ షాన్ 1983లో పుస్తకమే రాశారు. సిద్ధాంతానికి లొంగే సమస్యలు మెరక మీదుంటాయి, జనానికి అసలు కావలసినవి పల్లంలో, బురదలో ఉంటాయి అంటారాయన. కొల్లేటి మనుషులకు ఇది విడమరిచి చెప్పాలా!

అయితే సంచిని అంత శ్రద్ధగా చూసిన మనం కొల్లేరు సరస్సును చూడలేదు. చెరువు గట్టు లోపల అన్నీ సరిచేసుకున్నాం. అసలు అక్కడ గట్టు ఉండవచ్చా అని అడగలేదు. రైతునొక్కణ్నే అనలేం. 1970ల్లో సహకార సంఘాల పేర సరస్సులో చెరువులు తవ్వించింది ప్రభుత్వమే. బుడమేరు, తమ్మిలేరు తెచ్చే వరదను పట్టి ఉంచి, ఉప్పుటేరు గుండా సముద్రానికి వదలాల్సిన కొల్లేరు ముక్కచెక్కలైంది. 1999లో అయిదో కాంటూరు (ఎత్తు గీత) వరకు సరస్సును అభయారణ్యమన్నారు. 2006కి వచ్చేసరికి అందులోని చెరువుల గట్లు పేల్చాల్సి వచ్చింది. ఆ ఏడాది బతుకుతెరువు పోగొట్టుకున్న కుటుంబాలను తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

ఇవాళ పట్టాలందుకున్న మీలో రేపు ఒకరు డ్రెయిన్‌కు అంచనాలు వేస్తారు, ఇంకొకరు ఆక్వా రైతుకు సలహా ఇస్తారు. రైతు సంచి ఎత్తి చూసినట్టే, ఏరోజు పని ఆరోజు రాసుకోండి: ఏమనుకున్నాం, ఏం జరిగింది, తేడా ఎక్కడొచ్చింది. దాని కింద ఇంకో ప్రశ్న కూడా రాయండి: ఈ పని వల్ల గట్టు అవతలి నీళ్లు ఎవరింట్లోకి పోతాయి? దానికి జవాబు ఆఫీసులో దొరక్కపోతే ఉప్పుటేరు ఒడ్డు ఊళ్లకు వెళ్లి అడగండి. టెండరు పిలవకముందే వెళ్లండి.